కారు బెల్టు, కుంకుడు గింజ

నా చిన్నప్పుడు ఒకరింట్లో బట్టలుతికే మెషిన్ ఆగిపోయింది. అది ఎందుకు ఆగిందో నాకు తెలుసు. అడిగితే తెలియదన్నాను. ఆ ఒక్క మాట వల్ల మా పక్కింటి అక్కకు రావలసిన ఉద్యోగం రాలేదు. ఈ సంగతి మా అమ్మానాన్నలకు చెప్పలేదు. పాతికేళ్లుగా కాపురం చేస్తున్న నా భార్యకూ చెప్పలేదు. అది జరిగి నలభై ఏళ్లు దాటాక ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది, ఈ మధ్య అదే విషయంలో నేను రెండో అబద్ధం కూడా ఆడాను. మొదటిదాన్ని చిన్నతనం మీదికి నెట్టుకుంటూ వచ్చాను. రెండోదాన్ని నెట్టడానికి నాకు ఏ వయసూ దొరకలేదు.

తార్నాకలో మేం ఉండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారాలు నేను పాత వాషింగ్ మెషిన్లు బాగుచేస్తుంటాను. అది నా ఉద్యోగం కాదు, సరదా. ఎవరో ఇల్లు మారుతూ పాత సామాన్ల వాడికి ఇచ్చేయబోయిన రెండు తొట్ల మెషిన్లు, ఇనుప రేకు మీద తెల్లటి ఎనామెల్ పూత ఉన్నవి, పైన బట్టలు పిండడానికి రబ్బరు రోలర్లు ఉన్నవి నా దగ్గరికి వస్తాయి. వాటిలో నాకు నచ్చేది ఏమిటని అడిగితే, అవి మనిషికి లొంగుతాయి అంటాను. నాలుగు స్క్రూలు విప్పితే లోపలున్నదంతా కంటికి కనబడుతుంది. ఏది దేన్ని తిప్పుతుందో వేలు పెట్టి చూపించవచ్చు. టైమరు తిప్పి వదిలితే గోడ గడియారంలా టిక్కుటిక్కుమంటూ వెనక్కి నడుస్తుంది. ఇప్పటి మెషిన్లలో ఒక బోర్డు ఉంటుంది, అది పోతే బోర్డు మార్చమంటారు, అంతే. మా ఆవిడ మాత్రం ఇంట్లో మెషిన్ ఆగితే కంపెనీ వాణ్ణే పిలుస్తుంది. ఊళ్లోవాళ్ల మెషిన్లకు ఆదివారం ఉంటుంది గానీ ఇంటి మెషిన్‌కు ఏ వారమూ ఉండదని ఆమె ఫిర్యాదు.

కిందటేడు యూనివర్సిటీలో కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులు పాత యంత్రాల ప్రదర్శన పెట్టుకుని నన్నూ పిలిచారు. నేను మూడు మెషిన్లు తీసుకెళ్లాను. ఒక అమ్మాయి చాలాసేపు నిలబడి, నేను బెల్టు ఎక్కించడం చూసి, మీకు ఇదంతా ఎవరు నేర్పించారు సార్ అని అడిగింది. నేను నవ్వి, ఎవరూ నేర్పలేదమ్మా, విప్పి చూసి నేర్చుకున్నాను అన్నాను. చుట్టూ ఉన్న పిల్లలు మెచ్చుకోలుగా చూశారు. తరువాత వాళ్లు వేసుకున్న చిన్న పత్రికలో నా ఫొటో కింద 'స్వయంకృషి' అని రాశారు. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే ఇది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. మా నాన్న యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటులో టైపిస్టు. టెంపరరీ ఉద్యోగం. ప్రతి ఏడూ పొడిగించేవారు. పొడిగింపు కాగితం వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మాకు క్యాంపస్‌లోని రెండు గదుల క్వార్టర్ ఒక మహాభాగ్యం. పక్క క్వార్టర్‌లో యూనివర్సిటీ ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేసే వైర్‌మన్ ఉండేవాడు. పర్మినెంటు మనిషి, నల్లగొండ దగ్గరి పల్లె. ఆయన పెద్దకూతురే నేను చెబుతున్న అక్క. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసింది. ఆ క్లాసులో ఆమె ఒక్కతే ఆడపిల్ల. తండ్రి సైకిల్ వెనక కూర్చుని ఆయనతో పాటు పనులకు వెళ్లేది. ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, హాస్టల్ మెస్‌లో గ్రైండర్లు ఆమె చేతి మీదే నడిచేవి.

ఆమె పని చేసే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఏ యంత్రం విప్పినా ముందు ఒక పాత ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టుకునేది. మొదట విప్పిన స్క్రూలు మొదటి గుంటలో, తరువాతివి రెండో గుంటలో, అలా వరసగా వేసేది. బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి వచ్చేది. ప్లేటు ఖాళీ అయితే పని అయినట్టు. మా నాయనమ్మ అది చూసి, ఆ ప్లేటులో మళ్లీ ఇడ్లీలు వేస్తారా ఏమిటే అని అడిగేది. వేస్తమమ్మా, మీకే పంపిస్త, నూనె ఎక్కువ పొయ్యనక్కర్లేదు అని అక్క జవాబు.

మా వరస వెనక పెద్ద బంగళాలో మా నాన్న డిపార్ట్‌మెంటు ప్రొఫెసర్ గారు ఉండేవారు. ఆయన భార్యను అందరం మేడం అనేవాళ్లం. వాళ్లు విదేశంలో కొన్నాళ్లు ఉండి వస్తూ ఒక బట్టలుతికే మెషిన్ తెచ్చుకున్నారు. అప్పటికే అది పాతది. గుండ్రటి తెల్లటి తొట్టి, కింద చిన్న చక్రాలు, తొట్టి అడుగున గాట్లున్న ఒక పళ్లెం. ఆ పళ్లెం తిరిగితే నీళ్లు సుడి తిరుగుతాయి. పైన రెండు రోలర్లు, వాటికి చేతితో తిప్పే పిడి. అది ఆగిపోయి రెండేళ్లయింది. మెకానిక్కులు వచ్చి చూసి, దీని సామాను ఇక్కడ దొరకదని వెళ్లిపోయారు. మేడం దాని మీద గుడ్డ కప్పి, పైన ఫెర్న్ కుండీ పెట్టుకున్నారు.

ఆ రోజుల్లోనే లేడీస్ హాస్టల్‌కు ఎవరో దాతలు నాలుగు మెషిన్లు ఇస్తామన్నారు. వాటిని చూసుకోవడానికి ఒక మనిషిని తీసుకుంటారని, అది లేడీస్ హాస్టల్ కాబట్టి ఆడమనిషైతే మేలని మాట వచ్చింది. హాస్టల్ వ్యవహారం ప్రొఫెసర్ గారి చేతిలో ఉంది. అక్క ధైర్యం చేసి మేడం దగ్గరికి వెళ్లి, మీ మెషిన్ నేను చూస్తానంది. మేడం కుండీ తీయించారు. నువ్వు దీన్ని నడిపించి, అది వారం రోజులు ఆగకుండా నడిస్తే మా సారుకు నేనే చెబుతాను అన్నారు.

నాలుగు రోజులు పట్టింది. నేను బడి నుంచి వచ్చి సంచీ పడేసి ఆ బంగళా వెనక వరండాలో కూర్చునేవాణ్ణి. లోపల బెల్టు ఎండి పగిలిపోయి ఉంది. అలాంటిది ఎక్కడా లేదు. అక్క మోటారు చక్రానికీ పళ్లెం చక్రానికీ కలిపి దారం చుట్టింది. ఎంత పొడవు వచ్చిందో చూసి, ఆ దారం పట్టుకుని తండ్రితో సికింద్రాబాద్ వెళ్లి, కారు సామాన్ల దుకాణంలో సరిగ్గా ఆ కొలతకు సరిపోయే ఫ్యాన్ బెల్టు తెచ్చింది. అది ఎక్కించి, నూనె వేసి, స్విచ్చి నొక్కితే మెషిన్ కదిలింది. నీళ్లు సుడి తిరిగాయి. మేడం చప్పట్లు కొట్టారు. వాళ్లింటి వంటామె, పక్కింటివాళ్లు, మేమంతా తొట్టి చుట్టూ నిలబడి, ఒక దుప్పటి మునుగుతూ తేలుతూ తిరగడాన్ని సినిమా చూసినట్టు చూశాం. అక్క మాత్రం ఒక అరచేయి మెషిన్ మీద ఆనించి, తల వంచి దాని చప్పుడు వింటూ ఉంది.

మెషిన్ నడిచిన మూడో రోజు శనివారం. మేడం దుప్పట్లు వేసి, నన్ను చూసుకోమని చెప్పి ఎవరింటికో పేరంటానికి వెళ్లారు. టైమరు సున్నాకు వచ్చాక స్విచ్చి ఆపడమే నా పని. నేను తొట్టిలోకి తొంగి చూస్తే నురగ పెద్దగా లేదు. విదేశీ సబ్బుపొడి అయిపోవస్తోందని మేడం కొంచెమే వేశారు. మా నాయనమ్మ మాటల్లో నురగ రాని ఉతుకు ఉతుకే కాదు. మర్నాడు తలంట్లకని ఆమె ఆ పొద్దున్నే కుంకుడుకాయలు కొట్టి పళ్లెంలో పోసి ఉంచింది. గింజలు ఇంకా ఏరలేదు. పరుగెత్తి వెళ్లి రెండు గుప్పెళ్లు తెచ్చి తొట్టిలో వేశాను. మేడం వచ్చి చూసి ఆశ్చర్యపోవాలి, మా నాన్న కొడుకు ఎంత తెలివైనవాడో ప్రొఫెసర్ గారికి చెప్పాలి. నా ఆలోచన అంతే.

నురగ బ్రహ్మాండంగా వచ్చింది. అంచులు దాటి కిందికి జారింది. తరువాత ఒక గరగర. పళ్లెం ఆగిపోయింది. మోటారు మాత్రం మూలుగుతోంది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఏదో పుటుక్కున తెగింది. నేను స్విచ్చి ఆపి, మోచేతుల దాకా చేతులు నీళ్లలో పెట్టి, దొరికిన తొక్కలూ గింజలూ ఏరి నిక్కరు జేబుల్లో కుక్కుకుని, తీసుకెళ్లి క్రోటన్ మొక్కల వెనక పారేశాను. మేడం వచ్చి ఏమైందని అడిగితే, దానంతటదే ఆగిపోయింది అన్నాను. నువ్వేమైనా ముట్టుకున్నావా అని అడిగారు. లేదన్నాను. ముట్టుకున్నట్టు తెలిస్తే మీ నాన్నతో చెప్పాల్సి వస్తుంది సుమా అన్నారు, నవ్వుతూనే. నా జేబుల్లోంచి నీళ్లు కాలి మీదికి కారుతున్నాయి. ఆవిడ చూడలేదు.

మర్నాడు అక్క వచ్చింది. కరెంటు తీయించి, తొట్టిలో చేయి పెట్టి పళ్లేన్ని తిప్పబోయింది. తిరగలేదు. నడిమి స్క్రూ విప్పి పళ్లెం పైకి తీసింది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. పళ్లెం అంచు కింద సందులో ఇరుక్కుని నల్లగా, గుండ్రంగా ఒక కుంకుడు గింజ. విదేశం నుంచి వచ్చిన షాంపూ సీసాలు వాడే ఆ ఇంట్లో కుంకుడుకాయ అనేదే ఉండదు. మా వరసలో శనివారం శనివారం రోలు దగ్గర కూర్చుని కుంకుళ్లు కొట్టేది ఒక్క మా నాయనమ్మే. అక్క గింజను తీసి అరచేతిలో పెట్టుకుని, తల తిప్పి నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. ఆమె చూపులో కోపం లేదు, ఎదురుచూడటం ఉంది. నేను నా కాళ్లవైపు చూసుకున్నాను.

మేడం వెనక నుంచి, తెగిన బెల్టును రెండు వేళ్లతో పట్టుకుని, కారుకు వేసేది బట్టల మెషిన్‌కు వేశావటగా, ఆగక ఏం చేస్తుందమ్మా అన్నారు.

అక్క పిడికిలి మూసింది.

"అవును మేడం. కొలత నేనే తప్పు తీసిన. ఇందుల ఇంకెవ్వరి తప్పు లేదు."

మేడం చెడ్డ మనిషి కారు. పరవాలేదులే, నేర్చుకునే వయసు అన్నారు. అంత మెత్తటి మాటతో ఆ ఉద్యోగం పోయింది. హాస్టల్ మెషిన్లకు బయటి నుంచి ఒకతన్ని తీసుకున్నారు. అతన్నే పిలిచి మేడం తమ మెషిన్ కూడా చూపించారు. అతను ఏం చేశాడనుకున్నారు? రెండు చక్రాలకూ దారం చుట్టాడు. వెళ్లి ఒక కారు బెల్టు తెచ్చి వేశాడు. మేం క్యాంపస్ వదిలేదాకా ఆ మెషిన్ నిక్షేపంలా నడిచింది. అప్పుడైనా నోరు విప్పాల్సింది. అదీ చేయలేదు.

ఎలక్ట్రికల్ సెక్షన్‌లో అక్క తండ్రిని తోటివాళ్లు ఏడిపించారు. నీ బిడ్డ కారు తోలుకుంట బట్టలు ఉతుకుతదట గదా అనేవారట. ఆయన ఏడాది పాటు ఆమెను పనులకు వెంట తీసుకుపోలేదు. పొద్దున్నే ఆ సైకిల్ వెనక సీటు ఖాళీగా వెళ్లడం మా కిటికీలోంచి కనబడేది. నేను అటు చూడకుండా బూట్ల లేసులు కట్టుకునేవాణ్ణి. ఆ తరువాతి ఏడే మా నాన్న ఉద్యోగం పర్మినెంటు అయింది. మా ఇంట్లో పాయసం చేసి పక్కింటికి గిన్నెతో నాచేతే పంపారు. అక్క తీసుకుని, గిన్నె కడిగి ఇచ్చింది.

అయితే నేను చెప్పాల్సిన అసలు విషయం మధ్యలో ఉంది. మేడం ఇంట్లో ఆ సంగతి జరిగిన మర్నాడే అక్క నన్ను తమ వరండాలోకి పిలిచింది. చెవి మెలిపెడుతుందనుకున్నాను. అక్కడ పాత టేబుల్ ఫ్యాను, ఇడ్లీ ప్లేటు పెట్టి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి విప్పమంది. గింజ మాట ఎత్తలేదు, అప్పుడే కాదు, ఎన్నడూ ఎత్తలేదు. నేను ఒక్కో స్క్రూ గుంటల్లో వేస్తుంటే ఆమె ఒక్కటే చెప్పింది.

"ఆగిపోయిన దాన్ని ఫస్టు చెయ్యితోని తిప్పి చూడాలె. చెయ్యికి తిరగకపోతే మోటారును తిట్టకు. ఏం అడ్డం పడ్డదో చూడు."

ఆ తరువాత వచ్చిన సెలవులంతా నేను ఆ వరండాలోనే ఉన్నాను. పనికి వెళ్లే దారి మూసుకుపోయిన మనిషి, ఆ దారి మూసిన వాడికి కూర్చోబెట్టి పని నేర్పింది. బెల్టుకు దారంతో కొలత తీయడం, నూనె ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో, చెయ్యి ఆనించి చప్పుడు వినడం అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఈ రోజుకీ నా దగ్గరికి ఆగిపోయిన మెషిన్ వస్తే ముందు చేతితో తిప్పి చూస్తాను. సగం వాటిలో మోటారు తప్పు ఉండదు. హెయిర్‌పిన్నో, చొక్కా గుండీయో, పిల్లల సాక్సో అడ్డం పడి ఉంటుంది. మనుషుల విషయంలో కూడా, ఎవరైనా మొరాయిస్తే తిట్టే ముందు ఒక్క క్షణం ఆగుతాను. అన్నిసార్లూ ఆగానని చెప్పను. ఆగినప్పుడల్లా అది ఆమె పెట్టిన భిక్ష.

ప్రదర్శన అయ్యాక ఆమె కోసం వెతికాను. ఆ పాత సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఒకాయన విద్యానగర్‌లో ఉంటే, ఆయన చెప్పారు. పెళ్లయి బౌద్ధనగర్ వెళ్లిందట. భర్తతో కలిసి ముప్ఫై ఏళ్లు మోటార్ల వైండింగ్ దుకాణం నడిపిందట. ఒక ఆదివారం, మెషిన్లు పక్కన పెట్టి వెళ్లాను. రెండో అంతస్తు. తలుపు తీసి, కళ్లద్దాలు సర్దుకుని, నేను పేరు చెప్పేలోపే అంది.

"టైపు సారు కొడుకువు గదా నువ్వు? బక్క పోరగానివి, గిట్లెట్లయినవ్?"

చాయ్ ఇచ్చింది. నేను తాగలేదు. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే చెప్పడం మొదలుపెట్టాను. కుంకుడు గింజ అనగానే చెయ్యి అడ్డం పెట్టింది. అది తనకు ఎరుకే అంది. మరి ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఇన్నేళ్లూ నేను ఆమె జాలిపడిందనుకున్నాను. ఆమె లెక్క వేరు.

"మీ నాయినది టెంపరరీ, మా బాపుది పర్మినెంటు. ఎవరింట్ల దెబ్బ తగుల్తే తట్టుకుంటరో సూసిన. గంతే. నువ్వే చెప్తవేమో అని జరసేపు ఆగిన కూడా."

ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల, అరచేతిలో సాక్ష్యం పట్టుకుని, నిలబడ్డ చోటే రెండు ఇళ్లను తూచింది. తన ఇంటి మీద వేసుకుంది. మా నాన్న పింఛను, నా చదువు, నేను ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్న గది, అన్నీ ఆ మూసిన పిడికిలి కింద నుంచి వచ్చినవే. మీ బాపుకు చెప్పావా అని అడిగాను. చెప్పలేదట. చెబితే ఆయన ఊరుకోడు, సెక్షన్ అంతా చెబుతాడు, మళ్లీ మీ నాయిన మీదికే వస్తుంది అంది. ఆమె బాపు పోయి పదేళ్లయింది. మేడం కూడా లేరు.

అప్పుడు లోపలి గదిలోంచి ఆమె కూతురు వచ్చింది. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుందట. క్యాంపస్‌లో పక్కింటివాడని నన్ను పరిచయం చేస్తే ఆ అమ్మాయి నవ్వి, కారు బెల్టు కథ మీకూ తెలుసా మామా అని అడిగింది. వాళ్లింట్లో ఏ పనైనా చెడితే 'కారు బెల్టు వేసినవా' అంటారట. వాళ్ల నాన్న దుకాణంలో అదొక సామెతట. అమ్మ మొదటి పనిలోనే ఆగమయిందని పిల్లలు ఆటపట్టిస్తే, ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేదట. నేను అక్కవైపు చూశాను. ఆమె చాయ్ కప్పులు తీస్తూ, చల్లారింది, మళ్లీ పెడతా అంటోంది.

ఆమెకు తెలిసిన సంగతి ఆమెకు చెప్పి నేను తేలికపడితే చాలదని నాకు అప్పుడు తెలిసింది. కూర్చోమన్నాను. నీ బిడ్డ ముందు ఒక మాట చెప్పనీ అన్నాను. ఇప్పుడెందుకు తమ్మీ, ఊకో అంది. నేను ఊరుకోలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయి నవ్వు ఆపి నా ముఖం చూసింది.

"అమ్మా, మీ అమ్మ తీసిన కొలత తప్పు కాదు. ఆ తరువాత వచ్చినతనూ అదే కొలతతో అదే బెల్టు వేశాడు, ఏళ్ల తరబడి నడిచింది. మెషిన్‌ను ఆపింది నేను. తెలియదని చెప్పింది నేను. నాకు ఈ పని నేర్పింది మీ అమ్మ. ఎవరూ నేర్పలేదని నలుగురిలో చెప్పుకున్నది కూడా నేనే. అక్కా, మీ బాపు ఉండగా రావాల్సింది, రాలేదు. నన్ను క్షమించు."